గృహప్రవేశం: ముహూర్తానికి ముందూ వెనుకా



పదవీవిరమణ అనంతరం ఏడాదిలో కొన్ని వారాలు ఈ క్షేత్రంలో గడపడం నాకు అలవాటైంది. సాయంసమయాన మండపంలో కూర్చొని ఉండగా, దర్శనం ముగించుకొని వచ్చే యాత్రికులు నా చేతిలోని పంచాంగాన్ని చూసి దగ్గరకు వస్తారు. వారిలో సగంమంది అడిగేది ఒకటే: "పంతులుగారూ, గృహప్రవేశానికి మంచి ముహూర్తం సెలవివ్వండి." తిథి, వారం, నక్షత్రం, తారాబలం పరిశీలించి చెప్తాను. వారు కాగితం మీద వ్రాసుకొని సంతోషంగా వెళ్తారు. ఆ ముహూర్తానికి ముందు ఇంట్లో ఏమేమి సిద్ధం కావాలి, సామాను ఎప్పుడు కదల్చాలి, పెద్దవారిని ఎప్పుడు తీసుకువెళ్ళాలి అని అడిగినవారిని వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వారు అడగలేదని నేనూ చెప్పలేదు. నలభై ఏండ్లపాటు ఊరివారికి ముహూర్తాలు పెట్టిన నాకు, 2019లో మా సొంత సంసారమే కోనసీమ నుంచి హైదరాబాదుకు తరలినప్పుడు గాని ఆ లోపం తెలిసిరాలేదు. ఆ సంగతి కొంత తడవు తరువాత చెప్తాను. ముందుగా శాస్త్రవిషయం.

గృహప్రవేశం మూడు విధాలని జ్యోతిశ్శాస్త్రం చెప్తుంది. నూతనంగా నిర్మించిన ఇంటిలో తొలిసారి ప్రవేశించడం అపూర్వం. దూరదేశాలకు వెళ్ళి చాలాకాలానికి తిరిగివచ్చి తన ఇంటిలోనే ప్రవేశించడం సపూర్వం. అగ్నిచేతనో, వరదచేతనో దెబ్బతిన్న ఇంటిని బాగుచేసుకొని మళ్ళీ ప్రవేశించడం ద్వంద్వం. ఈ విభాగం ఎందుకంటే, అపూర్వానికి ఉన్నంత కట్టడి తక్కినవాటికి లేదు. కొత్త ఇంటికి ఉత్తరాయణంలో మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ మాసాలు ప్రశస్తం. పాత ఇండ్లకు, బాగుచేసిన ఇండ్లకు శ్రావణ, కార్తిక, మార్గశీర్షాలు కూడా పనికివస్తాయి. అద్దె ఇంటికి మారేవారు సైతం మాఘమాసం కోసం ఆరునెలలు రెండు అద్దెలు కడుతూ కూర్చోవడం నేను చూశాను. అది అనవసరం. అద్దె ఇంటికి వాస్తుహోమమూ అక్కరలేదు. మంచి తిథి, మంచి నక్షత్రం చూసుకొని, దేవుని పటం పెట్టి, దీపం వెలిగించి, పాలు పొంగించుకొంటే చాలును.

నక్షత్రాలలో స్థిర, మృదు సంజ్ఞలు గలవి శ్రేష్ఠం: రోహిణి, ఉత్తర, ఉత్తరాషాఢ, ఉత్తరాభాద్ర స్థిరాలు; మృగశిర, చిత్త, అనూరాధ, రేవతి మృదువులు. చవితి, నవమి, చతుర్దశులు రిక్తతిథులు కనుక వర్జ్యం, అమావాస్య సరేసరి. ఆది, మంగళవారాలు విడిచిపెడతారు. గురు, శుక్ర మౌఢ్యాలలో అపూర్వ ప్రవేశం చేయరు. లగ్నాలలో వృషభ, సింహ, వృశ్చిక, కుంభాలు స్థిరలగ్నాలు. ఇంట్లో స్థిరంగా నిలవాలన్న కోరికకు స్థిరలగ్నం అనుగుణం.

విదేశాలలో ఉన్న మనవారికి ఇక్కడొక మాట. తల్లిదండ్రులు ఇక్కడ ముహూర్తం పెట్టించి, ఆ సమయాన్ని అక్కడి గడియారానికి మార్చి కొడుకుకు పంపిస్తారు. అది సరికాదు. లగ్నం ఆయా ప్రదేశపు అక్షాంశ రేఖాంశాలనుబట్టి ఏర్పడుతుంది. రాజమహేంద్రవరంలో వృషభలగ్నం ఉదయిస్తున్న క్షణాన అమెరికాలోని డల్లాస్‌లో ఉదయించేది వేరొక లగ్నం. ఆ ఊరికి గణించిన పంచాంగం చూసి పెట్టవలసిందే.

ఇక ముహూర్తంకంటె ముందు చూడవలసినది ఇంకొకటి ఉంది. తలుపులు బిగించని ఇంటిలో, పైకప్పు పూర్తికాని ఇంటిలో, వాస్తుబలి ఇవ్వని, అన్నసంతర్పణ జరగని ఇంటిలో ప్రవేశించరాదని వాస్తుగ్రంథాలు నిషేధించాయి. పూర్వులు ఈ నియమం ఊరక పెట్టలేదు. నేడు అపార్టుమెంట్లలో జరుగుతున్నది చూడండి. ముహూర్తం దగ్గరపడిందని, మళ్ళీ మౌఢ్యం వస్తుందని, గోడలకు సున్నం ఆరకముందే, కుళాయిలో నీరు రాకముందే, కరెంటు మీటరు బిగించకముందే హోమగుండం వెలిగిస్తారు. లిఫ్టు పనిచేయదు. డెబ్బై ఏండ్ల తల్లి అయిదంతస్తులు మెట్లెక్కి వచ్చి, గోడకానుకొని ఆయాసపడుతూ ఉంటుంది. అటువంటి ఇంటికి తలుపు ఉన్నా శాస్త్రదృష్టిలో అది తలుపులేని ఇల్లే. ముహూర్తం పెట్టమని వచ్చినవారిని నేనిప్పుడు మొదట అడిగేది జన్మనక్షత్రం కాదు. ఇంట్లో నీరు వస్తున్నదా అని.

గోవు విషయం కూడా ఇక్కడే చెప్పివేస్తాను. గోప్రవేశం మంగళకరమే. కాని ఆ సాధుజంతువును నునుపైన మార్బులు మెట్లమీద నాలుగో అంతస్తుకు లాగుకొనిపోవడం పుణ్యకార్యం కాదు. ఒకచోట అది కాలుజారి మోకాళ్ళమీద పడడం కళ్ళారా చూశాను. క్రింద వాకిట్లోనే గోపూజ చేసి, గ్రాసం పెట్టి, ప్రదక్షిణం చేసి పైకి వెళ్ళండి.

తెలుగునాట మనలో చాలామందికి ఆపస్తంబుడే సూత్రకారుడు. ఆయన గృహ్యసూత్రంలో నూతనగృహ ప్రవేశవిధి ఉంది. గృహస్థుడు అగ్నిని పాత్రలో తీసుకువెళ్ళి ఇంటి ఈశాన్యభాగంలో నెలకొల్పాలి. నీటికుండకు స్థానం ఏర్పరచి కడవలతో నీరు తెచ్చి నింపాలి. ఇల్లంతా ప్రోక్షించి, అన్నం పెట్టాలి. శిష్యులకు ఈ భాగాన్ని ఎన్నో పర్యాయాలు పాఠం చెప్పాను. ఇందులో ఇల్లు మారే పద్ధతి మొత్తం ఉన్నదని మాత్రం అప్పుడు తోచలేదు. తొలుత నిప్పు, పిదప నీరు, ఆ పిదప ఇంటిల్లిపాదికీ వచ్చినవారికీ అన్నం. మంచాలూ, బీరువాలూ, పెట్టెలూ ఆ వరుసలో ఎక్కడా లేవు. అవి తరువాత వచ్చినా ఇల్లు ఇల్లే. పొయ్యి వెలగని, కుండలో నీరులేని ఇంట్లో ఎన్ని పెట్టెలున్నా అది గోదామే.

ఇక మా సంగతి. మా అబ్బాయి హైదరాబాదులో కొత్త ఇల్లు కొన్నాడు. "నాన్నగారూ, మీరిద్దరూ, పెద్దత్తయ్యా అక్కడ ఒంటరిగా ఎందుకు? వచ్చేయండి" అన్నాడు. పెద్దత్తయ్య అంటే మా అక్కయ్య. చిన్నవయసులోనే భర్తృవియోగం పొంది మా ఇంటికే వచ్చేసిన మనిషి. నన్ను పెంచింది ఆమే. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి, మతిమరుపు ప్రారంభమైంది. వైశాఖంలో వృషభలగ్నానికి ముహూర్తం నేనే పెట్టాను. తెల్లవారి ఆరుగంటల లోపు ప్రవేశం. ముహూర్తంలో దోషమేమీ లేదు. ఇప్పటికీ తీసి చూస్తే అంతకన్న మంచిది ఆ మాసంలో కనబడదు.

దోషం నా ఆలోచనలో ఉంది. ముహూర్తమూ, సామానుతో తరలిరావడమూ రెండూ ఒకే రాత్రికి పెట్టాను. "ఒక్క ఖర్చుతో రెండు పనులు" అనుకొన్నాను. లారీ ముందురోజు సాయంత్రానికి చేరుతుందన్నారు. అది రాత్రి ఒంటిగంటకు చేరింది. హమాలీలు విసుగుకొంటూ అరవైకి పైగా పెట్టెలను హాలులో కుప్పవేసి వెళ్ళారు. వాటిని ప్రక్కకు నెట్టి, మధ్యలో కలశం పెట్టి, నిద్రలేని కళ్ళతో ప్రవేశం జరిపించాము. పాలు పొంగాయి. బంధువులు భోంచేసి వెళ్ళారు. ఆ సాయంత్రం మా ఇంటావిడ "అక్కయ్యగారి మందుల డబ్బా ఏదీ?" అని అడిగింది.

అక్కయ్యకు బి.పి., చక్కెరవ్యాధి ఉన్నాయి. ఆమె మాత్రలు, వైద్యుడు వ్రాసిచ్చిన చీటీ, జపమాల అన్నీ ఒక పాత కాఫీ డబ్బాలో ఉంచుకొనేది. చూడడానికి వంటింటి డబ్బాలాగే ఉంటుంది కనుక సామాను కట్టిన కుర్రవాళ్ళు పోపుదినుసుల డబ్బాలతో కలిపి కట్టేశారు. పెట్టెలమీద "వంటిల్లు" అని వ్రాసినవే పదకొండు. మందుల దుకాణానికి వెళ్తే చీటీ లేనిదే ఇవ్వమన్నారు. మాత్ర పేరు మాకెవరికీ నోటికి రాదు. మా ఊరి వైద్యుడికి ఫోను చేసి పేరు తెలుసుకొనేసరికి దుకాణాలు మూసేశారు. ఆ రాత్రి ఆమె మాత్ర వేసుకోకుండానే పడుకొంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు వాచ్‌మన్ గంటకొట్టాడు. అక్కయ్యను చేయిపట్టుకొని తీసుకువచ్చాడు. ఆమె చేతిలో ఇత్తడి బిందె ఉంది. పూజకు మడినీళ్ళు తోడడానికి నుయ్యి వెదుక్కుంటూ రెండంతస్తులు మెట్లు దిగి, గేటు దాటి రోడ్డుమీదికి పోబోతోందట. ఆ బిందెను పెట్టెల మధ్యనుంచి ఆమె ఎలా తీసిందో నాకిప్పటికీ తెలియదు. నన్ను చూసి, "నుయ్యి పూడ్చేశారా నాన్నా?" అని అడిగింది. అరవై ఏండ్లుగా తెల్లవారుజామున ఏ దిక్కుకు నడిచిందో ఆ దిక్కుకే నడిచింది. ఇల్లు మారినట్లు ఆమె కాళ్ళకు తెలియదు. గేటు దగ్గర వాచ్‌మన్ మేలుకొని ఉండడం భగవదనుగ్రహం. డబ్బా మూడోనాడు దొరికింది.

ఆనాడు పెట్టెలన్నీ అలాగే వదిలి, మొదట అక్కయ్య గదిని సర్దాము. ఊళ్ళో ఆమె మంచం తల తూర్పుకు ఉండేది. ఇక్కడా అలాగే వేశాము. మంచానికి ఎడమప్రక్కన పీట, పీటమీద రాగిచెంబు, గోడకు అదే రామపట్టాభిషేకం పటం, అదే ఎత్తున. కిటికీలో తులసి కుండీ. గుమ్మం దగ్గర రాత్రంతా చిన్నదీపం. నుయ్యి లేదు గనుక, స్నానాలగది తలుపుప్రక్కన నీళ్ళు నింపిన బిందె పెట్టడం మొదలుపెట్టాము. నాలుగైదు రోజులకు ఆమె బయటికి వెళ్ళబోవడం మానింది. ఈ గదిని ముందే సర్ది, ఆమెను తరువాత తీసుకువచ్చి ఉంటే ఆ తెల్లవారుజాము మాకు ఎదురయ్యేది కాదు.

కనుక ఇప్పుడు అడిగినవారికి నేను చెప్పే క్రమం ఇది. ప్రవేశముహూర్తం వేరు, తరలిరావడం వేరు. ముహూర్తంనాడు దేవుణ్ణి, దీపాన్ని, పసుపు కుంకుమలను, ఉప్పు, బియ్యం, పాలను, కలశాన్ని తీసుకొని ప్రవేశించండి. పొయ్యి వెలిగించి పాలు పొంగించి, వాస్తుశాంతి జరిపి, ఆ రాత్రి అక్కడ నిద్రచేయండి. మూడు నిద్రలు చేసే ఆచారం ఉన్నవారు మూడూ చేయండి. పరుపు, చాప, నాలుగు గిన్నెలు ఉంటే సరిపోతుంది. సామాను ఆ తరువాత మీ వీలునుబట్టి తెచ్చుకోవచ్చు. ఒకసారి విధిగా ప్రవేశం జరిగిన ఇంటికి మళ్ళీ మహాముహూర్తం అక్కరలేదు. వర్జ్యం, రాహుకాలం లేని పూట చాలు. పిల్లల పరీక్షలు ఉన్న ఇండ్లకు ఇది ఎంతో అనుకూలం. మాఘంలో ప్రవేశం చేసుకొని, పరీక్షలు అయినాక వేసవిలో తరలవచ్చు. మధ్యకాలంలో తాళం వేసి మరచిపోకుండా అప్పుడప్పుడు వెళ్ళి దీపం పెట్టి వస్తుండాలి. ఆ వెళ్ళినప్పుడే కుళాయి కారుతున్నదా, ఏ స్విచ్చు పనిచేయడం లేదు అన్నవి బయటపడతాయి.

తరలేనాడు ప్రయాణంలో యజమాని చేతిసంచీ ఒకటి ఉండాలి. అది లారీ ఎక్కరాదు. ఇంట్లో ప్రతివారి మందులు వారానికి సరిపడా, వైద్యుల చీటీలు, కళ్ళజోళ్ళు, ఇంటి దస్తావేజులు, బంగారం, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు, రెండుపూటలకు బట్టలు అందులో ఉండాలి. కొత్త ఇంట్లో మొదట విప్పవలసిన పెట్టెను లారీలో చివర ఎక్కించాలి. అప్పుడే అది ముందు దిగుతుంది. దానిలో కాఫీ సామగ్రి, బియ్యం, పప్పు, కత్తి, అగ్గిపెట్టె, చీపురు ఉండాలి. చీపురు కొత్తదే కొంటారు మనవారు; మంచి ఆచారమే. పెట్టెలకు వరుసగా అంకెలు వేసి, ఏ అంకెలో ఏముందో ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. "వంటిల్లు" అని వ్రాస్తే ఏమవుతుందో పైన చెప్పాను. పుస్తకాలను చిన్నపెట్టెల్లోనే పెట్టాలి. పెద్దపెట్టె నిండా నింపితే ఇద్దరు కూడా ఎత్తలేరు, అడుగు ఊడిపోతుంది. మా శబ్దకల్పద్రుమం సంపుటాలు అలాగే మెట్లమీద దొర్లాయి. తాటాకు గ్రంథాలున్న ఇండ్లవారు వాటిని ప్లాస్టిక్ సంచుల్లో బిగించవద్దు; చెమ్మ నిలిచి పాడవుతాయి. కొయ్యపలకల మధ్య ఉంచి, నూలుగుడ్డలో చుట్టి, చేతిలో తీసుకురావాలి. ఆవకాయ జాడీల మూతకు గుడ్డకట్టి, నిలువుగా, కాళ్ళదగ్గర పెట్టుకొని రావడం తప్ప వేరే ఉపాయం నాకు కనబడలేదు. ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, ఆరబెట్టి, నిలువుగానే తేవాలట. దించిన కొన్ని గంటలవరకు కరెంటు పెట్టరాదని మా అబ్బాయి చెప్పాడు.

అపార్టుమెంటుకు వెళ్ళేవారు లిఫ్టును సామానుకు ఏ వేళలో ఇస్తారో సంఘంవారిని ముందుగా అడగాలి. నగరాలలో పెద్దలారీలను పగటిపూట రానివ్వని వేళలు ఉంటాయి. మా లారీ ఆలస్యానికి అదీ ఒక కారణమే.

దేవతార్చన గురించి ఎక్కువమందికి సందేహం. సాలగ్రామాలు, బాణలింగాలు, నిత్యపూజ అందుకొనే విగ్రహాలు సామానులో కలపరాదు. ఉదయం పాత ఇంట్లో పూజ, నివేదన ముగించి, నిర్మాల్యం తీసి, పట్టుగుడ్డలోనో నూలుగుడ్డలోనో ఉంచి, సంపుటంలో పెట్టి, ఇంటి యజమాని గాని యజమానురాలు గాని ఒడిలో పెట్టుకొని ప్రయాణించాలి. సాయంకాలానికి కొత్త ఇంట్లో దీపం వెలగాలి. మందిరం అలమర ఇంకా రాకపోతే కడిగిన పీట చాలును. పూజ మానడంకన్న పీటమీద చేయడం మేలు. దూరప్రయాణమై రోజుకు మించితే దారిలో ఒక తులసిదళం, కొంచెం నీరు సమర్పించి నమస్కరించండి. ఇల్లు ఖాళీచేసేటప్పుడు పగిలిన పటాలను, పాత విగ్రహాలను వీధిచివరి రావిచెట్టు క్రింద వదిలేసే దురలవాటు పెరిగిపోయింది. తాము పూజించిన దేవుణ్ణి కుక్కలు తిరిగే చోట పెట్టి వెళ్ళడానికి చేతులెలా వస్తాయో! పటంలోని కాగితాన్ని వేరుచేసి నీటిలో నానబెట్టి మొక్కల మొదట పోయండి. అద్దం, చట్రం ఉత్త వస్తువులే. బాగున్న పటాలు అడిగినవారికి ఇవ్వండి.

విడిచివచ్చే ఇంటి విషయంలో మనవారు శ్రద్ధ చూపరు. అద్దె ఇల్లయినా సరే, ఊడ్చి, కడిగి, గుమ్మానికి పసుపు రాసి, చివరి దీపం పెట్టి రావాలి. ఆ దీపం కొండెక్కిన తరువాతనే తాళం వేయాలి. వెలుగుతుండగా తాళం వేసి రావడం ప్రమాదం. మేము మా ఇంటి తులసికోటలోని మొక్కను పెకలించలేదు. ఒక కొమ్మ తుంచి కుండీలో నాటుకొని వచ్చి, కోటను ఇల్లు కొనుక్కొన్న వారికి అప్పగించాము. నీళ్ళు పోస్తామన్నారు, పోస్తున్నారు.

కాగితాల పని కొద్దిగా ఉంటుంది. గ్యాస్ కనెక్షన్ వేరే ఊరికి మారేటప్పుడు పాత ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోవాలి. ఇది ముహూర్తానికి చాలినన్ని రోజుల ముందే జరగకపోతే కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి పొరుగువారి పొయ్యి అడగవలసివస్తుంది. ఓటరు జాబితాలో చిరునామా మార్పుకు 8వ నమూనా పత్రం. ఆధార్, బ్యాంకు, పింఛను కార్యాలయాలలో కొత్త చిరునామా నమోదు చేయించాలి. ఉత్తరాలను కొత్త చిరునామాకు మళ్ళించమని పాత తపాలా కార్యాలయంలో అర్జీ ఇవ్వవచ్చు. మా మాసపత్రిక రావడం లేదని వ్రాసేవారిలో చాలామంది ఇల్లు మారినవారేనని ఇక్కడి కార్యాలయంవారు చెప్పారు.

వచ్చే మాఘ, ఫాల్గుణాలలో ప్రవేశం తలపెట్టినవారు నన్ను సంప్రదించదలిస్తే, నేనిక్కడ ఉన్న రోజుల్లో సాయంకాలం అయిదు నుంచి ఆరున్నర వరకు తూర్పు మండపంలో ఉంటాను. దంపతుల జన్మనక్షత్రాలతోబాటు ఇంట్లో పెద్దవారి వయస్సులు, వారు వేసుకొనే మందుల పేర్లు కూడా ఒక కాగితంమీద వ్రాసి తెచ్చుకోండి.